చారి ఉస్తాదూ, నా చిన్న ఇంజనూ

ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "తాతా, మీ కాలంల పని ఎట్ల నేర్చుకున్నరు?" అని అడుగుతారు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నారా, ముసలాడికి ఇంకా ఎంత గుర్తుందో చూద్దామని అడుగుతున్నారా అని నాకు ప్రతిసారీ అనుమానమే. ఈ అనుమానం నాకు పుట్టుకతో రాలేదు, పనిలో వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా ఆయిల్ ఇంజన్లు విప్పి బిగించాను. ఎప్పుడు పెద్ద మేస్త్రీనయ్యాను, ఎవరు సన్మానం చేశారు అన్నవి రాయను. అవి ఎవరికీ పనికిరావు. ఇంట్లో నా చేతులతో నేను చేసిన ఒక చిన్న ఇంజన్ గురించి, దానివల్ల నేను ఒక మనిషికి చేసిన అన్యాయం గురించి రాస్తాను. పనిలోకి వచ్చేవాళ్లకు అది చాలు.

సున్నం గుర్తులు

నేను భువనగిరిలో ఇంజన్ల షెడ్డులో పనికి చేరిన రోజుల్లో మా చుట్టుపక్కల బావుల మీద ఇంకా మోటలే నడిచేవి. రైతు రెండు జతల ఎద్దులు అమ్మి ఇంజన్ కొనేవాడు. ఎద్దు ఎందుకు పడుకుందో, ఎందుకు మేత మేయడం లేదో అతనికి తెలుసు. ఇంజన్ ఎందుకు ఆగిందో తెలియదు. తెలియని చోట మనిషి ముందుగా మెకానిక్‌నే అనుమానిస్తాడు. "మంచి సామాను ఊడదీసుకొని పాతది పెట్టిపోతరు" అని ఊరూరా అనుకునేవారు.

అందుకని ఇంజన్ విప్పుతుంటే రైతు సున్నం డబ్బీ పట్టుకుని పక్కన కూర్చునేవాడు. నేను ఊడదీసిన ప్రతి ముక్క మీదా వేలితో సున్నం గుర్తు పెట్టేవాడు. ఆలేరు దగ్గర ఒక రైతు, నర్సిరెడ్డి అని, దుప్పటి పరిచి ముక్కలన్నీ వరుసగా పేర్చి, నేను ఒకదాన్ని కడగడానికి బావి దగ్గరికి వెళితే నాతోపాటు లేచి వచ్చాడు. నేను నీళ్లు తాగబోయినా వచ్చాడు. నాకు ఒళ్లు మండింది. స్పానర్ కింద పడేసి, "నేను దొంగనా?" అన్నాను.

నాతో వచ్చిన చారి ఉస్తాద్ నవ్వి నన్ను పక్కకు పిలిచాడు. "పెట్టనీయ్ రా. గుర్తు పెడితే మనకే మంచిది. ఏది ఎక్కడిదో బిగించేటప్పుడు యాదికుంటది" అన్నాడు.

ఆయన చెప్పినట్టే అయింది. తర్వాత రోజుల్లో రైతు పెట్టకపోయినా నేనే గుర్తులు పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఇంకొక మాట కూడా దాచకుండా రాయాలి. రైతుల అనుమానం ఉత్తది కాదు. మంచి నాజిల్ జేబులో వేసుకుని అరిగినది బిగించి వచ్చే మెకానిక్కులు ఇద్దరు నాకు తెలుసు. వాళ్ల పేర్లు రాయను, పిల్లలు బతికే ఉన్నారు.

ఉస్తాద్, సేటు

చారి ఉస్తాద్ అసలు పేరు వీరాచారి. అవుసలి ఇంట్లో పుట్టి, బంగారం పని వదిలి ఇనుము పనికి వచ్చినవాడు. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఆయనకు నలభై దాటి ఉంటాయి. మాది గొర్రెలు కాసే ఇల్లు. ఇంజన్ గురించి నాకు తెలిసినదంతా ఆయన పెట్టిన భిక్షే.

సుత్తి పిడి ఒక కొసను ఇంజన్‌కు, రెండో కొసను చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. లోపల ఏది వదులైందో విప్పకముందే చెప్పేవాడు. కానీ అంతకన్నా ముందు రైతును ఒకే ప్రశ్న అడిగేవాడు.

"ఎవలు ముట్టిండ్రు?"

"ఎవలు ముట్టలే" అని ప్రతి రైతూ చెప్పేవాడు. ఉస్తాద్ వంగి బోల్టుల తలలు చూసి కొత్త గీతలు వెతికేవాడు. ఎక్కడో ఒకచోట దొరికేవి. "ఇంజన్ ఊకెనే చెడది. ఎవడో ముట్టి ఉంటడు. ముట్టినోడు చెప్పడు" అనేవాడు. ఈ పాఠం నాకు బాగా ఒంటబట్టింది. ముట్టినవాళ్లలో నేను కూడా ఉండవచ్చునని మాత్రం నాకెప్పుడూ తోచలేదు.

మా షెడ్డు యజమాని రాజలింగం సేటు. ఇంజన్లు అమ్మేవాడు, బాగుచేయించేవాడు. తాళంచెవుల గుత్తి మొలతాడుకు కట్టుకుని పడుకునే రకం. మేము నలుగురం పనిచేసేవాళ్లం. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి మిగతా ముగ్గురి సంగతి అడిగేవాడు. అది తన తెలివి అనుకునేవాడు. అలాంటి యజమాని దగ్గర పనివాళ్లు పని నేర్చుకోవడం మానేసి ఒకరినొకరు కాపలా కాయడం నేర్చుకుంటారు. మేమూ నేర్చుకున్నాం. మీకు అలాంటి యజమాని దొరికితే ఆరు నెలల్లో బయటపడండి. నేను పడలేదు.

గొర్ల దొడ్డిలో

అరవైల్లో అనుకుంటాను, సేటు మహబూబ్‌నగర్‌లో రెండో షెడ్డు పెట్టాలనుకున్నాడు. దాన్ని నడిపించడానికి ఒక మనిషి కావాలి. వరుస ప్రకారమైతే అది ఉస్తాద్‌కు రావాలి. మహబూబ్‌నగర్‌ను మేము పాలమూరు అంటాం, ఆయన భార్య పుట్టిల్లు కూడా అటువైపే. నాకూ దాని మీద కన్ను పడింది.

సేటుకు నా పనితనం చూపించడానికి ఒక చిన్న ఇంజన్ చేయాలని పట్టుబట్టాను. పెట్రోలుతో నడిచేది, ఒకే సిలిండరు, మొత్తం కలిపి కుంచం కన్నా పెద్దది కాదు. మా ఊరు భువనగిరికి కోసెడు దూరం, రెండు మైళ్లు. ఇంటి వెనక గొర్ల దొడ్డిలో ఒక మూల తడక కట్టుకుని, వేప మొద్దుకు వైస్ బిగించుకున్నాను. పగిలిన ఇంజన్ దిమ్మెలో ముక్క కోసి సిలిండరు చేశాను. అరిగిన పాత లైనరు నుంచి పిస్టన్ రింగులు కోశాను. క్రాంకు మాత్రం షెడ్డులో లేత్ మిషన్ మీద, సేటు ఒప్పుకున్నాక, అన్నం తినే వేళల్లో తిప్పుకున్నాను. వాల్వులు తెరిచే రెండు పళ్ల చక్రాలు ఆకురాయితో చేత్తో రాకాను. చిన్న చక్రానికి ఇరవై పళ్లు, పెద్ద చక్రానికి నలభై. ఒక్క పన్ను తప్పినా మళ్లీ మొదటికే. మూడుసార్లు మొదటికి వచ్చాను.

మొదటి రింగు పిస్టన్ మీదికి ఎక్కిస్తుంటే పుటుక్కున విరిగింది. రెండోదీ విరిగింది. ఇనుము మంచిది కాదని షెడ్డులో సామాను ఇచ్చినవాణ్ని తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, రింగు నోరు నేనే అవసరానికి మించి సాగదీస్తున్నానని. ఈ చిన్న సంగతిలోనే నాకు బుద్ధి రావలసింది.

సెలవు రోజుల్లో పగలంతా దొడ్డిలో ఆకురాయి చప్పుడు. సాయుధ పోరాటం నాటి తుపాకుల గొడవ సద్దుమణిగి పదేళ్లయినా ఊళ్లో ఆ భయం పోలేదు. ఒకనాడు పోలీసు పటేలు దొడ్డిలోకి వచ్చి సిలిండరు చేతిలోకి తీసుకున్నాడు. ఒక కన్ను మూసి రంధ్రంలోంచి ఎండలోకి చూశాడు.

"గిది తుపాకి గొట్టం కాదారా?"

"కాదు పటేలా, ఇంజన్. నీళ్లు తోడే ఇంజన్ లెక్కనే, చిన్నది."

"గింత దాంతోని ఎన్ని నీళ్లు తోడుతవు?"

"తోడదు. ఊకె నడుస్తది."

"ఊకె నడిచేదానికి గింత కష్టమెందుకు?" అని నన్ను కింది నుంచి మీదికి చూశాడు. ఆయన వెళ్లాక కూడా వారం రోజులు తలారి మా తడక ముందు నుంచి అటూ ఇటూ తిరిగాడు. నా భార్య అండాలు అనుమానం వేరు, నాకు ఏదో గాలి సోకిందని. రాత్రి గుగ్గిలం పొగ వేసి, నిమ్మకాయ నా తల చుట్టూ తిప్పింది.

పెట్రోలు ట్యాంకు ఒక్కటే నావల్ల కాలేదు. ఇత్తడి రేకు అతుకు పెడితే ప్రతిసారీ కారింది. ఉస్తాద్‌ను అడిగాను. ఆయన అవుసలి ఊదుగొట్టం తెచ్చుకుని, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని, అతుకు ఎక్కడుందో కనపడకుండా చేసి ఇచ్చాడు. మరలు తిప్పి బిగించే మూత చేసి, లోపల తోలు బిళ్ల వేసి, మూత నడుమ సూది మొనంత రంధ్రం పెట్టాడు. ట్యాంకులో పెట్రోలు దిగుతున్నకొద్దీ పైనుంచి గాలి లోపలికి పోవాలి, లేకపోతే పెట్రోలు కిందికి రాదు. ప్రతి ఇంజన్ ట్యాంకుకూ ఉండే రంధ్రమే. నాకు తెలియదని కాదు.

దసరాకు నాలుగు రోజుల ముందు ఇంజన్ నడిచింది. ట్యాంకులో చుక్క మిగలకుండా నడిచింది. మా అన్న గొర్రెలు తడక విరగ్గొట్టుకుని బయటపడ్డాయి. మా అమ్మ చెవులు మూసుకుని, "ఆపురా, ఆపు" అని అరిచింది. ఆపడానికి నాకు మనసు రాలేదు. అంత సంతోషం నాకు పెళ్లిలో కూడా కలగలేదు.

దసరా పొద్దు

దసరా నాడు షెడ్డులో పనిముట్లకు పూజ. సేటు నాతో ముందే అన్నాడు, "పూజకు రైతులొస్తరు. నీ ఇంజన్ వాళ్ల ముందట నడిపి సూపెట్టు. పాలమూరు సంగతి అటెన్క మాట్లాడుదాం."

ఆ మాట ఉస్తాద్ వింటుండగానే అన్నాడు. ఉస్తాద్ ఏమీ అనలేదు. అనకపోవడం నాకు నచ్చలేదు. మనసులో ఏదో ఉందనుకున్నాను.

పొద్దున్నే షెడ్డు కడిగి, బంతిపూల దండలు కట్టి, లేత్ మిషన్ నుంచి స్పానర్ల దాకా అన్నిటినీ తుడిచి పెట్టాం. నా ఇంజన్‌ను బల్ల మీద నడుమ పెట్టాను. నేను తాడు సర్దుకుంటుంటే ఉస్తాద్ సీసాలోంచి పెట్రోలు తనే పోశాడు. మూత గట్టిగా బిగించాడు. తర్వాత కొబ్బరికాయ కొట్టడానికి అవతలికి వెళ్లాడు. మేము పళ్లెంలో పసుపు ముద్ద, కుంకుమ పట్టుకుని అన్నిటికీ బొట్లు పెట్టాం. నా ఇంజన్‌కు నేనే పెట్టుకున్నాను. అందరికీ కనపడాలని అన్నిటికన్నా ఎత్తున పెట్టాను.

పదకొండు మంది చుట్టూ నిలబడ్డారు. సేటు, ఆయన లెక్కలు రాసే మునీమ్, మాతో పనిచేసే మేస్త్రీలు ఇద్దరు, ఏడుగురు రైతులు. చక్రానికి తాడు చుట్టి లాగాను. మొదటి లాగుకే అందుకుంది. రైతులు "అబ్బో" అన్నారు. సేటు ముఖంలో ఎన్నడూ లేని నవ్వు కనిపించింది. రెండు నిమిషాలు నడిచిందేమో, చప్పుడు సన్నబడి ఆగిపోయింది.

మూత విప్పి చూశాను. పెట్రోలు నిండుగా ఉంది. బిగించి మళ్లీ లాగాను. నడిచింది, ఆగింది. ప్లగ్గు తీసి తుడిచాను. మళ్లీ మూత విప్పి పెట్రోలు చూసుకుని, బిగించి లాగాను. నడిచింది, ఆగింది. ఎవరో వెనక నవ్వారు. సీసా అందుకుని వాసన చూశాను. గాసునూనె వాసన, అదే కిరసనాయిలు వాసన, వచ్చినట్టనిపించింది. మెకానిక్ చేతికి ఎప్పుడు చూసినా గాసునూనె వాసనే వస్తుందని ఆ క్షణంలో గుర్తు రాలేదు.

"పెట్రోల్ మంచిగ లేదు. ఏదో కలిసింది" అన్నాను.

"ఎవలు పోసిండ్రు?" అన్నాడు సేటు.

"ఉస్తాద్ పోసిండు."

"అంటే ఉస్తాద్ కలిపిండంటవా?"

అక్కడ ఆగి ఉండవచ్చు. నాకు తెలియదు అని ఉండవచ్చు. పాలమూరు షెడ్డు నా చేతిలోంచి జారిపోతోందని ఒక్కటే కనిపిస్తోంది.

"ఇంకెవలు ముట్టలే సేటు" అన్నాను.

ఉస్తాద్ ముందుకు వచ్చి వేలు పెట్రోలులో ముంచి వాసన చూశాడు. ఇంజన్ వైపు ఒకసారి చూశాడు. నా వైపు చూశాడు. ఒక్క మాట కూడా అనకుండా చేతులు కడుక్కుని, ప్రసాదం తీసుకోకుండా వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడు కాబట్టే మాట్లాడలేదని నేను అందరికీ చెప్పాను.

జమ్మి ఆకు

దసరా సాయంత్రం మా వైపు జమ్మి పూజ చేసి, ఆ ఆకునే బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటాం. పెద్దవాళ్ల కాళ్లు మొక్కుతాం, ఈడువాళ్లం కౌగిలించుకుని అలాయిబలాయి తీసుకుంటాం. పొలం గట్టు పంచాయితీలో తలలు పగలగొట్టుకున్నవాళ్లు కూడా ఆ రోజు ఆకు ఇస్తే కాదనరు.

పొద్దు వాలుతుండగా ఉస్తాద్ కోసెడు దూరం నడిచి మా వాకిట్లోకి వచ్చాడు. వయసులో చిన్నవాణ్ని, ఆకు పట్టుకుని నేను ఆయన ఇంటికి వెళ్లాలి. ఆయనే వచ్చాడు. చేయి చాచాడు. "యాదగిరీ, బంగారం తీస్కో."

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. పొద్దున చేసినదాన్ని కప్పిపుచ్చుకోవడానికి వచ్చాడనుకున్నాను. ఆయన చేయి అలాగే ఉంది. మా అమ్మ గబగబా వచ్చి రెండు చేతులూ చాచి ఆ ఆకు తను తీసుకుంది. "వానికి పొద్దుగాల నుంచి ఒంట్ల మంచిగ లేదు అయ్యా" అని నా కోసం అబద్ధమాడింది.

"పోతున్న అవ్వా" అన్నాడు ఉస్తాద్. పోయొస్త అనలేదు.

మర్నాటి నుంచి ఆయన షెడ్డుకు రాలేదు. సేటు కబురు పంపలేదు. ఏడుగురు రైతులు ఏడు ఊళ్లకు ఈ సంగతి మోసుకుపోయారు. అసలే మెకానిక్ అంటే అనుమానించే జనం. ఓర్వలేక పెట్రోలులో గాసునూనె కలిపినవాడు మన ఇంజన్‌లో ఏం చేయడని అనుకున్నారు. దీపావళి నాటికి చారి ఉస్తాద్‌ను బావి దగ్గరికి పిలిచేవాడు లేడు. ఆలేరు స్టేషన్ దగ్గర గోనెసంచి పరుచుకుని స్టవ్వులు, తాళాలు బాగుచేస్తున్నాడని విన్నాను.

నాకు బాధ కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. పాలమూరు షెడ్డు నాకు వచ్చింది. బాగానే నిద్రపోయాను. చిన్న ఇంజన్‌ను గోనెలో చుట్టి వెంట తీసుకుపోయాను గాని మళ్లీ విప్పలేదు.

మద్దిలేటి ట్యాంకు

శివరాత్రి దాటాక ఆలంపూర్ అవతల తుంగభద్ర ఒడ్డున మద్దిలేటి అనే రైతు కబురు పంపాడు. కొత్త ఇంజన్ అరగంట నడిచి ఆగిపోతోందట. కాసేపు వదిలేస్తే మళ్లీ నడుస్తుందట. నేను వెళ్లేసరికి మనిషి కోపంతో ఉడికిపోతున్నాడు.

"మీ సేటు నాకు బొక్క పడిన ట్యాంకు అంటగట్టిండు" అన్నాడు.

"బొక్క ఎక్కడుంది?"

"మూతకుండె. నూనె ఆవిరైపోవాలె, నేను మల్ల మల్ల కొనాలె, అదే కదా మీ ఎత్తు? నేనేం తక్కువోన్నా? లక్క కరిగిచ్చి మూసిన."

నాకు నవ్వాగలేదు. మూత తీసి, సూదితో లక్క పొడిచి, గాలి దారి చేసి ఇంజన్ నడిపాను. గంట గడిచినా ఆగలేదు. మద్దిలేటి నన్నూ ట్యాంకునూ మార్చి మార్చి చూశాడు. నేను పేరుమోసిన వైద్యుడిలా గొప్పగా, "రోజుకోసారి సూదితో పొడుస్తుండు" అన్నాను. అతని భార్య మజ్జిగ తెచ్చింది. చెంబు నోటి దగ్గర పెట్టుకున్నాను. దసరా పొద్దున నా ఇంజన్ గుర్తొచ్చింది. నడిచింది, ఆగింది. మూత విప్పగానే గాలి లోపలికి పోయి మళ్లీ నడిచింది, బిగించాక మళ్లీ ఆగింది. చెంబు కింద పెట్టి లేచాను.

మహబూబ్‌నగర్ వచ్చి గోనె విప్పాను. ట్యాంకు మూత నడుమ పసుపు ఎండి గట్టిపడి ఉంది, దాని మీద కుంకుమ. బొటనవేలి గీతలు కూడా కనిపించాయి. నా వేలివే. సూదితో పొడిస్తే పసుపు పొడి రాలింది. పెట్రోలు పోసి లాగాను. చుక్క మిగలకుండా నడిచింది. నడుస్తున్నంత సేపూ తల ఎత్తలేకపోయాను.

ఇంకొకటి కూడా రాయాలి, సిగ్గుగా ఉన్నా. ఆ మర్నాడంతా నాకు మరో అనుమానం పట్టుకుంది. ఉస్తాద్ కావాలనే రంధ్రం అంత సన్నగా పెట్టాడా అని. అనుమానం అలవాటైన మనసు తప్పు తనదని తేలాక కూడా ఇంకొకడి కోసం వెతుకుతుంది.

ఆలేరులో

రైలు దిగి వెళ్లేసరికి ఉస్తాద్ ఒక స్టవ్వుకు బుడ్డి అతుకుతున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి గోనెసంచి మీద పక్కకు జరిగి, "కూసో" అన్నాడు.

చెప్పాను. బొట్టు సంగతి, మద్దిలేటి సంగతి, అంతా. ఏడ్చాను కూడా. ఆయన పని ఆపలేదు.

"నీకు ఆ రోజే తెలిసిందా ఉస్తాద్?" అని అడిగాను.

"తెల్సింది. పెట్రోల్ వాసన చూసినంక మూత దిక్కు చూసిన. నువ్వు నా దిక్కు చూస్తివి."

"మరెందుకు చెప్పలే?"

"చెప్తే ఏమంటుంటివి? మూత బిగించింది గూడ నేనే. బొక్క మూసింది నేనే అంటుంటివి. ఇంకో తప్పు నా మీద పెట్టుకొమ్మంటవా?"

నేను ఆయన కాళ్లు పట్టుకోబోయాను. వద్దన్నాడు. అప్పుడు మొదటిసారి ఆయన గొంతులో కోపం వినిపించింది.

"నాకెందుకు చెప్తున్నవ్ రా? నేను కలుపలేదని నాకు ముందుగాలనే తెలుసు. గా దినం ఎంత మంది ముందట అన్నవు?"

"పదకొండు మంది."

"పో. గా పదకొండు మందికి చెప్పు."

పదకొండు మంది

సైకిల్ వెనక ఇంజన్ కట్టుకుని బయలుదేరాను. ఒక్కొక్కరి ముందూ నడిపి చూపించాను. పసుపు ముద్ద పెట్టి ఆగిపోవడం చూపించాను, తుడిచి మళ్లీ నడవడం చూపించాను. అబద్ధం నమ్మడానికి వాళ్లకు నా ఒక్క మాట సరిపోయింది. నిజం నమ్మడానికి నడిచే ఇంజన్ కూడా సరిపోలేదు.

ఇద్దరు రైతులు వెంటనే ఒప్పుకున్నారు. ఒకాయన నన్ను పక్కకు తీసుకుపోయి, "నిజం చెప్పు, గిట్ల చెప్పుమని ఉస్తాదే తోలిండా?" అన్నాడు. మరొకాయన అప్పటికే చనిపోయాడు. ఆయన భార్యకు ఆ సంగతే తెలియదు. ఉస్తాద్ దొంగపని చేశాడని నేను అన్న మాట ఆమెకు ముందు చెప్పి, తర్వాత అది అబద్ధమని చెప్పాల్సి వచ్చింది. మాతో పనిచేసిన మేస్త్రీలు ఇద్దరూ తల దించుకున్నారు. వాళ్లకు ఆ రోజే అనుమానం వచ్చిందట. సేటు ముందు నోరు విప్పలేదు.

చివరికి సేటు దగ్గరికి వెళ్లాను. ఆయన ఇంజన్ నడవడం, ఆగడం, నడవడం మూడుసార్లు చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"అయితే బొట్టు పెట్టింది ఉస్తాదన్నట్టు."

"నేనే పెట్టిన సేటు. నా బొటనవేలితోని."

"మరి ఆయన చూసి గూడ చెప్పలేదంటే, కడుపుల ఏదో ఉన్నట్టే గద?"

ఆ గొంతు సేటుదే గాని మాట నాది. ఆలేరు వెళ్లకముందు నేను అనుకున్న మాటే. ఆ రోజు మొదటిసారి సేటుతో గట్టిగా మాట్లాడాను. ఉస్తాద్‌ను పిలవకపోతే పాలమూరు తాళంచెవులు ఇక్కడే పెట్టి పోతానన్నాను. ఆయన చాలాసేపు నా ముఖం చూశాడు. బహుశా ఇందులో నాకేం లాభమో వెతికి ఉంటాడు. ఏదీ దొరక్క, "సరే రమ్మను. పాలమూరు ఆయననే చూసుకొమ్మను. నువ్వు ఆయన చేతికింద చెయ్యి" అన్నాడు.

ఆ సాయంత్రపు రైలుకే ఆలేరు వెళ్లాను. పదకొండు మందికీ చెప్పానని, ఎవరు ఏమన్నారో కూడా దాచకుండా చెప్పాను. సేటు పిలిచాడని చెప్పాను. మళ్లీ మనిద్దరం కలిసి పనిచేద్దామన్నాను. ఉస్తాద్ చేతిలో పని పక్కన పెట్టాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"నేను రాను యాదగిరీ. నీ మీద పగ లేదు, పిల్లగా. గని ఇద్దరం ఒక్క ఇంజన్ కాడ కూసోలేం. ఇంతకుముందు నా చెయ్యి చూసి పని నేర్చుకుంటివి. ఇప్పుడు చూస్తే, గీ చెయ్యి ఏం చేస్తదో అని చూస్తవు."

"చూడను ఉస్తాద్. అవ్వ తోడు" అన్నాను. మనసారా అన్నాను.

ఆయన నవ్వి, ఎవరిదో స్టవ్వు ముందుకు లాక్కుని పంపు మర తిప్పడం మొదలుపెట్టాడు. తోలు వాషరు తీసి పక్కన పెట్టి, డబ్బాలోంచి ఇంకొకటి తీశాడు. ఆ రెండోది పాతదా కొత్తదా అని నేను చూస్తున్నాను.